ఎడంచాప

కరివేపాకు కోసం మా తలుపు తట్టని రోజు ఎదురు ఫ్లాటు ఇందుమతి గారికి ఉండేది కాదు. అలాంటావిడ ఆ ఉదయం లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపల నేనొక్కణ్ణే ఉండటం చూసి, "అయ్యో, ఏదో మర్చిపోయానండీ" అని వెనక్కి తిరిగింది. ఏం మర్చిపోయిందో చెప్పలేదు. కింద నేను స్కూటరు బయటికి తీస్తుంటే మెట్ల మీంచి దిగివచ్చి, నన్ను చూడనట్టే గేటు దాటి వెళ్ళిపోయింది.

నేను కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి. కాకినాడ మెయిన్ రోడ్డులో షాపు. మనుషుల ముఖాలని జానెడు దూరం నుంచి చూడటమే నా బతుకుతెరువు. ఎవరు నా కళ్ళలోకి సూటిగా చూస్తున్నారో, ఎవరు చూపు తప్పిస్తున్నారో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆవిడ తప్పించింది. ఎందుకో కూడా నాకు తెలుసు. మా ఇంటావిడ పరిచిన చాప వల్ల.

మా ఆవిడ సుభాషిణి యూనివర్సిటీలో నేరాల గురించి పాఠం చెబుతుంది. పోలీసు పాఠం కాదు. దొంగ అసలు దొంగ ఎలా అయ్యాడు, వాణ్ణి మొట్టమొదట ఆ మాట అన్నదెవరు, అన్న తరవాత వాడి బతుకు ఏమైంది, అలాంటివి. పెళ్ళయిన కొత్తలో ఆ కబుర్లన్నీ నాకు చెప్పేది. ఒక మనిషిమీద ఊరంతా కలిసి ఒక ముద్ర వేస్తే, వాడు ఎటు తిరిగినా ఆ ముద్రే ముందు నడుస్తుందనేది. నేను ఆవులిస్తూ వినేవాణ్ణి. ఆ పాఠం నా కోసమేనని అప్పుడు నాకేం తెలుసు.

ఆ చాపని నేను మొదట చూసింది వాళ్ళ లాబ్‌లో. నల్లటి రబ్బరు షీటు, పలచగా, గుమ్మం ముందు వేసుకునే పట్టాలా ఉంది. దానిమీద నిలబడ్డ మనిషిని బరువునిబట్టీ అడుగు తీరునిబట్టీ గుర్తుపడుతుంది. ఎవరు ఎవరికి ఎంత ఎడంగా నిలబడ్డారో రాసుకుంటుంది. అంతే. మాట వినదు, ముఖం చూడదు. పేరు ఇంగ్లీషులో బారెడు ఉందిగానీ లాబ్‌లో అందరూ ఎడంచాప అనే పిలిచేవాళ్ళు.

సుభాషిణికి పైవారైన ప్రొఫెసర్ దైవసహాయం గారు నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆట చూపించారు. స్టూడెంట్లు కొంతమంది చాప మీద అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళలో ఒక అమ్మాయికి మాత్రం, ఎవరూ చూడకుండా తన టేబుల్ మీది పెన్ను తీసి దాచెయ్యమని ఆయన ముందే రహస్యంగా చెప్పారు. ఆ అమ్మాయి తీసింది. ఎవరూ చూడలేదు. కాసేపటికి తెరమీద మనిషికొకటిగా కనబడే చుక్కలు జరగడం మొదలైంది. మిగతా చుక్కలన్నీ కలిసే ఉన్నాయి. ఆ ఒక్క చుక్క చుట్టూ మాత్రం ఖాళీ పెరిగింది.

"మనిషి తప్పు చేస్తే ఆ సంగతి ముందు వాడి ఒంటికి తెలుస్తుందండి అమ్మిరాజు గారూ," అన్నారాయన. "తరవాత పక్కవాళ్ళ ఒంటికి తెలుస్తుంది. నోటికొచ్చేది ఆఖర్న. మేం నోటిదాకా ఆగక్కర్లేదు."

"ఆ అమ్మాయి పొద్దున్నే వెల్లుల్లి కారం తినొచ్చిందేమోనండి," అన్నాను.

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. సుభాషిణి మాత్రం టేబుల్ కింద నా కాలు తొక్కింది. నలుగురిలో నేను నోరు జారినప్పుడల్లా ఆవిడ చేసే పని అదే. పెళ్ళిపీటల మీద కూడా ఒకసారి తొక్కింది.

తరవాత నిజమైన మనుషుల మధ్య ఆ చాపని పరిచి చూడాలన్నారు. మా అపార్ట్‌మెంట్స్ కన్నా అనువైన చోటు ఏముంటుంది? స్కూటర్లలో పెట్రోలు పోతోంది, గుమ్మం ముందు పెట్టిన పాలపాకెట్లు పోతున్నాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు జోగారావు గారు కస్టమ్స్‌లో చేసి రిటైరయినాయన. ఎదుటి మనిషిని చూడగానే వీడి సూట్‌కేసులో ఏముందో అన్నట్టు చూడటం ఇంకా మానలేదు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకటే షరతు, ప్రతివారం అంకెలు తనకీ చూపించాలి. పేర్లు ఉండవు, మనిషికో కోడు మాత్రమే ఉంటుందని సుభాషిణి అందరికీ నచ్చజెప్పింది. ఆ కోడు ఫ్లాటు నెంబరుతో మొదలవుతుంది. ఇక అందులో రహస్యమేం మిగిలిందో యూనివర్సిటీ వాళ్ళకే తెలియాలి.

లిఫ్టులో, వరండాల్లో, మెట్ల దగ్గర, కింద హాల్లో చాపలు పరిచి పైన కార్పెట్ వేశారు. మొదటి నెల ఊరికే చూశారు, ఎవరు ఎవరితో మామూలుగా ఎంత దగ్గరగా మసలుతారో చాపకి తెలియాలట. ఆ తరవాత అసలు ప్రయోగం. దాని బాధ్యత సుభాషిణిదే. తన అంకె లెక్కలోకి రాకూడదని తన కోడుని తనే తీసేసింది. అంత నిక్కచ్చి మనిషి. ఆ రోజుల్లోనే ఆవిడ మార్నింగ్ వాక్‌కి వెళ్ళేటప్పుడు నాకు నాలుగడుగులు వెనకబడి నడవడం మొదలుపెట్టింది. లిఫ్టులో నేనొక మూల, ఆవిడొక మూల. పని ఎక్కువై అలసిపోతోంది పాపం అనుకున్నాను.

ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. "ఏవండీ, నాతో చెప్పాల్సిందేవైనా ఉందా?"

"ఉంది. పప్పులో ఉప్పు లేదు."

"నేనడిగేది అది కాదు."

ఆవిడ నా ముఖంకేసి చూడటం లేదు, చేతులకేసి చూస్తోంది. పక్కనే మజ్జిగ పోసుకుంటున్న మా అత్తగారు మంగాయమ్మ గారు గరిటె దించి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

నా అంకె, అంటే పక్కవాళ్ళు నాకు ఎంత ఎడంగా మసలుతున్నారన్న లెక్క, పెరిగిందట. మామూలు మనిషికి ఒకటి. నాకు రెండు దాటింది. అపార్ట్‌మెంట్స్ మొత్తంలో అంత అంకె మరెవరికీ లేదట. నేను పాలపాకెట్లు దొంగిలిస్తున్నానా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. కాలూ తొక్కలేదు. కంచం తీసుకుని లేచింది.

ఆ వారమే ఆ అంకె జోగారావు గారికి చేరింది. చేరిన మర్నాడే ఇందుమతి గారు లిఫ్టు ఎక్కకుండా మెట్ల దారి పట్టింది. అలా తలా ఒక అడుగు జరిగారు. జరిగినకొద్దీ అంకె పెరిగింది, పెరిగినకొద్దీ ఇంకా జరిగారు. కొత్త కళ్ళజోడు తీసుకోడానికి షాపుకొచ్చిన జోగారావు గారు నేను ఫ్రేమ్ సరిచెయ్యబోతే మెడ వెనక్కి లాక్కున్నారు. ముఖం దగ్గరికి రాకుండా కళ్ళజోడు ఎలా పెట్టాలో నాకు తెలీదు. ఆయన చేతికిచ్చి, మీరే పెట్టుకోండన్నాను. వంకర ఫ్రేముతోనే వెళ్ళిపోయారు.

నేనూ మారిపోయాను. ఎవరు గుసగుసలాడినా నా గురించే అనిపించేది. షాపులో నా సొరుగు సర్ది ఉంటే, ఎవరు సర్దారా అని ఆలోచన. ఒకరోజు స్కూటర్ డిక్కీ తెరిస్తే లోపలి గుడ్డ నేను పెట్టిన తీరున లేదు. ఆ డిక్కీ తాళంచెవి రెండోది మా ఇంట్లోనే ఉంటుంది. దాని గురించి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని టీవీ చూశాం.

సరిగ్గా అప్పుడే ముక్కుపుడక పోయింది.

కింద హాలు పక్కన ఉన్న పూజగదిలో అందరం చందాలేసుకుని పెట్టుకున్న అమ్మవారు ఉంది. శ్రావణ శుక్రవారం పూజ అయి, హారతి అయి, ప్రసాదాలయ్యాక చూస్తే అమ్మవారి ముక్కుకి పుడక లేదు. కెంపుల పుడక, వెనక సన్నటి మర. కిందటేడు ఆ మర వదులైతే బిగించింది నేనే. కళ్ళజోళ్ళు బిగించే చిన్న స్క్రూడ్రైవరు ఇంకెవరి దగ్గర ఉంటుంది? ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ నా చొక్కా జేబుకేసి మాత్రం చూశారు, స్క్రూడ్రైవరు అందులోనే ఉంది.

పోలీసుల్ని పిలుద్దామని ఒకరు, అంకెలు తెప్పిద్దామని ఒకరు. జోగారావు గారు సుభాషిణి వైపు తిరిగారు. ఆవిడ తల దించుకుంది. నా భార్య తల దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. "పోలీసులూ వద్దు, చాపలూ వద్దు. ముద్దలు వేయించండి," అన్నారు.

చిన్నతనంలో వాళ్ళ ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు నగ పోతే అలాగే చేసేవాళ్ళట. ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ఒక పేడముద్ద చేసుకొచ్చి, గదిలోకి ఒక్కరే వెళ్ళి గంగాళంలో వెయ్యాలి. అందరూ వేశాక నీళ్ళు పోసి కలుపుతారు. ఏదో ఒక ముద్దలోంచి నగ బయటపడుతుంది. ఎవరి ముద్దో తెలీదు, ఎవరూ అడగరు.

"దొంగ దొరకడు, వస్తువు దొరుకుతుంది. తీసినవాళ్ళు మర్నాడు మనతోనే పంక్తిలో కూర్చుని తినాలి కదా బాబూ. అందుకే ఈ పద్ధతి పెట్టుకున్నారు పెద్దవాళ్ళు," అన్నారావిడ జోగారావు గారితో.

అపార్ట్‌మెంట్స్‌లో పేడ ఏమిటని కొందరు ముక్కు మూసుకున్నారు. చివరికి కుమ్మరి దగ్గర్నుంచి బంకమట్టి తెప్పించారు. ఆదివారం పొద్దున్న పూజగదికి తెర కట్టి, లోపల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టారు. చిన్నా పెద్దా అందరం ఇంటికెళ్ళి ముద్ద చేసుకుని వరసలో నిలబడ్డాం. నా ముందు మనిషికీ నాకూ మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ, వెనకా అంతే. నా వంతు వచ్చి నేను తెర వెనక్కి వెళ్ళగానే హాల్లో మాటలు ఆగిపోయాయి. లోపల అమ్మవారూ నేనూ. ఆ పుడక నా దగ్గర నిజంగా ఉండి ఉంటే ఎంత బాగుండు, ముద్దలో పెట్టేసి ఊపిరి పీల్చుకునేవాణ్ణి కదా అనిపించింది. ఉత్త మట్టిముద్ద వేసి బయటికొచ్చాను.

డ్రమ్ములో నీళ్ళు పోసి కలిపారు. పుడక దొరికింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషం వేసింది, అబద్ధమెందుకు. ఎవరో ఏదో అవసరానికి తీశారు, ఇచ్చేశారు, పీడ వదిలింది అనుకున్నాను. ఇంతలో జోగారావు గారు తిన్నగా నా దగ్గరికొచ్చి నన్ను కావలించుకున్నారు.

"మనిషన్నాక పొరపాటు సహజమండి అమ్మిరాజు గారూ. తిరిగిచ్చే మనసు అందరికీ ఉండదు."

"నేను తియ్యలేదండి."

"అయ్యో, ఎవరు తీశారని మేవడగలేదు కదా," అన్నారాయన నా వీపు నిమురుతూ.

తల కొట్టేసినట్టయింది. మా అత్తగారి చిన్నప్పటి ఇంట్లో ఆ ముద్దలు అందరి చేతుల్నీ ఒకేలా దాచాయి. ఇక్కడ ముద్దలు వెయ్యకముందే ఒక చేతికి అంకె కట్టి పెట్టారు. ఇక ఎన్ని ముద్దలు కలిపినా నీళ్ళలో తేలేది ఆ చెయ్యే. అసలు తీసినవాళ్ళెవరో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ చప్పట్లలో వాళ్ళ చప్పట్లూ ఉండే ఉంటాయి.

ఆ సాయంత్రమే ఇందుమతి గారు కరివేపాకుకి వచ్చింది. గిన్నెలో పాయసం కూడా తెచ్చింది. ఎన్నడూ లేనిది, "అన్నయ్యగారూ" అని పిలిచి దగ్గరగా నిలబడి మాట్లాడింది. రోగం నయమై ఆసుపత్రి నుంచి వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. పాయసం సింకులో పారబోశాను.

సుభాషిణి వంటగది గుమ్మం దగ్గర నిలబడి అది చూసింది. మెల్లిగా అంది, "ఇచ్చేశారు. నాకంతే చాలు. ఇంకెప్పుడూ ఏవీ అడగను."

ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నన్ను క్షమించేసి, ఆ క్షమించగలిగినందుకే సంతోషంతో ఏడుస్తోంది. ఊరంతా దొంగ అన్నా తట్టుకోవచ్చు. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాను.

నా అంకె దిగడం మొదలైంది. దిగదా మరి, అందరూ పనిగట్టుకుని పక్కకొచ్చి నిలబడుతున్నారు. లాబ్‌లో పండగ. దైవసహాయం గారు స్వీట్లు పంచి, నాకూ ఒక డబ్బా పంపారు. తప్పు చేసిన మనిషిని సంఘం ఎలా దూరం పెడుతుందో, దిద్దుకున్నాక ఎలా దగ్గరికి తీసుకుంటుందో గ్రాఫు మీద ఒకే గీతలో కనబడిందట. ప్రపంచంలో ఎవరికీ దొరకని గీతట. ఈ చాపల్ని బస్టాండుల్లో, బజార్లలో, కాలేజీల్లో పరుస్తామని గవర్నమెంటు వాళ్ళు అడుగుతున్నారట. ఆ గీత పేరు అమ్మిరాజు అని ఆ పేపర్లో ఉండదు. కోడు ఉంటుంది.

ఆ పేపర్ రాయడానికి సుభాషిణి పాత అంకెలన్నీ మళ్ళీ మొదటినుంచి తీసింది.

ఒక మధ్యాహ్నం షాపుకొచ్చింది. నాలుగడుగుల దూరంలో, కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్ళో ఉందిగానీ తెరవలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"మొదటి వారంలో మీకు దూరం జరిగింది ఒక్క మనిషేనండి," అంది.

"ఇందుమతి గారేగా?"

"ఆవిడ తరవాత. ముందు నేను."

నాకు అర్థం కాలేదు. ఆవిడ మాట మాటకీ ఆగుతూ చెప్పింది. ప్రయోగం నడిపే మనిషి చాప మీద ఎవరినీ ఆనుకుని నడవకూడదట. నడిస్తే లెక్క పాడవుతుందట. అందుకని నాకు ఎడంగా, వెనకగా నడిచింది. ఇరుగుపొరుగుతో ఎలాగూ ఎడంగానే ఉంటుంది, అక్కడ తేడా రాలేదు. తేడా వచ్చింది నా ఒక్కడితోనే. మొదటి నెలంతా భుజం రాసుకుంటూ నడిచిన పెళ్ళాం హఠాత్తుగా నాలుగడుగులు జరిగితే చాప ఊరుకుంటుందా, రాసుకుంది. తన కోడు తీసేసిందేగానీ, తన అడుగులు నా లెక్కలో అలాగే మిగిలిపోయాయి.

"మిగతావాళ్ళు?" అన్నాను.

"చూశారు కదండీ, రోజూ పొద్దున్నే. కట్టుకున్నదే ఎడంగా నడుస్తోందంటే ఏదో ఉందనుకున్నారు. నా వెనకాల వాళ్ళూ జరిగారు. తరవాత అంకె వాళ్ళ చేతికే వెళ్ళింది."

"నాకో మాట చెప్పి నడవచ్చుగా."

"చెబితే మీరు జాగ్రత్తపడి నడుస్తారని. అప్పుడు అది ప్రయోగం కాదు."

షాపు ఫాన్ తిరుగుతోంది. అద్దాల అలమారలో మా ఇద్దరి ముఖాలూ ఎన్నో ముక్కలుగా కనబడుతున్నాయి.

"నేను దొంగనని ఎప్పుడు నమ్మావు సుభా?"

"అంకె పెరిగినప్పుడు."

"అంకె ఎందుకు పెరిగింది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి వేసింది, కోపం వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. మంచినీళ్ళ సీసా జరిపి ఇచ్చాను.

పేపర్ పంపొద్దని ఆవిడ దైవసహాయం గారితో పోట్లాడింది. ఆయన శాంతంగా విన్నారట. మొదటి వారం కారణం ఏదైనా, తరవాతి గీత నిజమేగా అన్నారట. వస్తువు పోవడం నిజం, తిరిగి రావడం నిజం అన్నారట. అయినా పేపర్ మీంచి తన పేరు తీసేయమని చెప్పి వచ్చేసింది. అంతకన్నా పెద్ద పని ఇంకోటి చేసింది. అసోసియేషన్ మీటింగ్ పిలిపించి అందరి ముందూ నిలబడింది.

తప్పంతా తనదని చెప్పింది. తన నడక గురించి, లెక్కలో మిగిలిపోయిన అడుగుల గురించి, గోడమీద బొమ్మ వేసి మరీ చెప్పింది. "మా ఆయన ఏవీ తియ్యలేదు. ఆయనకి మీరంతా క్షమాపణ చెప్పాలి. ముందు నేను చెప్పాలి," అంది. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను హాలు చుట్టూ చూశాను. ఇప్పుడన్నా వీళ్ళకి అర్థమవుతుందని ఆశ పుట్టింది.

జోగారావు గారు లేచి రెండు చేతులూ జోడించారు. "కూర్చోమ్మా సుభాషిణీ. భర్త పరువు నిలబెట్టుకోవాలని ఏ ఇల్లాలికి ఉండదు? మేవెవరం తప్పు పట్టం. నువ్వింత చదువుకుని కూడా నలుగురిలో నిలబడి నింద నీ మీద వేసుకున్నావంటే, నీలాంటి ఇల్లాలు దొరకడం ఆయన అదృష్టం."

"నేను చెప్పేది నిజవండి," అంది సుభాషిణి.

"నిజవేనమ్మా, నిజవే," అన్నారు అందరూ, మెత్తగా.

చాపలు తీసేయాలన్న ఆవిడ మాటకి చేతులెత్తమన్నారు. మేం ముగ్గురం ఎత్తాం. పోయిన వస్తువు తిరిగొచ్చింది కదా, పాలపాకెట్లు కూడా పోవడం లేదు కదా, ఎందుకు తీయడం అన్నారు మిగతావాళ్ళు. ఇందుమతి గారు నా పక్క కుర్చీలోకి మారి, "మనసులో ఏం పెట్టుకోకండి అన్నయ్యగారూ," అంది. ఆవిడ చేతికేసి చూశాను. జోగారావు గారి చేతికేసీ చూశాను. ఎవరి చెయ్యి చూసినా, ఆ ముద్ద ఈ చేతిదేనా అనిపిస్తోంది. ఈ అలవాటు నాకు ఇదివరకు లేదు. నేను ముఖాలు చూసేవాణ్ణి.

మీటింగ్ అయ్యాక మా అత్తగారు హాల్లో ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయారు. నేనూ సుభాషిణీ లిఫ్టు ఎక్కాం. తలుపు మూసుకుంది. ఇన్నాళ్ళూ తను నిలబడే మూలకి ఆవిడ వెళ్ళలేదు. నా పక్కకి వచ్చింది. భుజానికి భుజం ఆనేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"వాళ్ళు నమ్మకపోతే మానెయ్యనీండి. మీరు నమ్ముతారుగా నన్ను?" అంది.

నమ్ముతాను అని చెబుదామనే నోరు తెరిచాను. అనరాని మాటేదో అనబోతున్నాననుకుందో, లేక పాత రోజుల్లోలా ఒక్కసారి నవ్వుకోవాలనిపించిందో, ఆవిడ చెప్పు విడిచి తన కాలు మెల్లిగా నా కాలి మీదికి తెచ్చింది.

నా కాలు వెనక్కి జరిగింది. నేను జరపలేదు, అదే జరిగింది. ఆవిడ పాదం ఖాళీ కార్పెట్ మీద ఆనింది.

ఇద్దరం కిందికి చూశాం. కార్పెట్ కింద చాప ఉందని మా ఇద్దరికీ తెలుసు.